“మీరు” అనే మనిషి

మా సెర్వియేర్ ఊళ్లో ఫీర్మిన్ లబ్రూస్ ఇరవై ఆరేళ్లు దస్తావేజులు రాశాడు. కసాయివాణ్ని “మీరు” అనేవాడు, కసాయివాడి కుక్కనూ “మీరు” అనేవాడు. రాజును దించిన ఏడాది ఊరు అతణ్ని పారిస్ సభకు ఎన్నుకుని, డప్పులతో బండెక్కించింది.

సభలో నడిమి బెంచీల మీద కూర్చున్నాడు. అక్కడివాళ్లను జనం బురద అనేవాళ్లు. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల వైపు చేతులు లేచేవి. వాటిలో అతనిదీ ఉండేది. ఏడాది తిరిగేసరికి తన చెయ్యి తనది కాదనిపించింది. రోజులు, తాళం వేసిన గదిలో గాలిలా, కదలకుండా నిలిచిపోయాయి. ఇంటికి పోదామనుకున్నాడు. పోవాలంటే పేట కమిటీ ఇచ్చే దేశభక్తి చీటీ కావాలి. అది లేనివాడు అనుమానితుడు. అనుమానితుడి దారి జైలుకు, అక్కణ్నుంచి తల నరికే గిలెటిన్‌కు.

కమిటీ పెద్ద గాస్పార్ చెప్పులు కుట్టేవాడు. లబ్రూస్ వెళ్లేసరికి తోలు కోసే కత్తితో జున్ను కోసుకుంటున్నాడు.

“రొట్టెల కొట్టామెను మీరు అన్నావటగా? అది దొరల కాలపు మాట. ఇప్పుడందరం సమానం. ఆవిడేమైనా రాణీగారా?”

“అలవాటండీ...”

“అండీనా! విన్నారా, నన్ను జమీందార్ని చేసేశాడు!” గది ఘొల్లుమంది. “ఏదీ, నన్ను ‘నువ్వు’ అను.”

లబ్రూస్ నోరు తెరిచాడు. “మీ...” అనే వచ్చింది.

అప్పుడే ఇద్దరు సిపాయిలు ఒకణ్ని లోపలికి నెట్టారు. అంతెల్మ్ దుఫో. సభలో లబ్రూస్ పక్కన కూర్చునేవాడు. చలికాలమంతా ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర చెస్ట్‌నట్లు కాల్చుకు తిన్నారు.

“ఈ ద్రోహి నిన్నెరుగుదునంటున్నాడు,” అన్నాడు గాస్పార్.

“లబ్రూస్ గారూ, మీరైనా చెప్పండి,” అన్నాడు దుఫో.

“నువ్వెవరు?” అన్నాడు లబ్రూస్. ఆ మాట నీళ్లలా జారి వచ్చింది. “నువ్వెవరో నాకు తెలీదు.”

గాస్పార్ బల్ల చరిచాడు. “అదీ! అలా రావాలి!” చీటీ మీద ముద్ర పడింది. దుఫోను లాక్కుపోయారు. అతను వెనక్కి తిరిగి చూడలేదు.

లబ్రూస్ చీటీ మడుచుకుని తలుపు వైపు నడిచాడు.

“ఎక్కడికోయ్? నీ చేతిరాత ముత్యాలట కదా. మాలో ఒక్కడికీ నాలుగు అక్షరాలు సరిగ్గా రావు. ఇంటి సంగతి తర్వాత. అరెస్టుల జాబితా ఇక నువ్వే రాయి.”

ఎవరో కుర్చీ లాగారు. ఎవరో కలం ముంచి ఇచ్చారు. గాస్పార్ మొదటి పేరు చెప్పాడు. లబ్రూస్ ఒక్క అక్షరం కూడా తప్పకుండా రాశాడు: దుఫో, అంతెల్మ్.