మైసమ్మ పేర విడిచిన పోతు

మా ఇంట్లో పాల ప్యాకెట్‌ను కత్తెరతో కోస్తారు. చేత్తో చింపరు. అది నా భార్య భాగ్యలక్ష్మి పెట్టిన పద్ధతి. కవరు చిరిగిన చప్పుడు వినబడితే చాలు, పెరట్లోని మేకపోతు మెడలో గంట మోగించుకుంటూ వచ్చి వెనక గది కిటికీ కింద నిలబడుతుంది. ముందుకాళ్ళు గోడకు ఆనించి, చువ్వల్లోంచి లోపలికి చూస్తుంది. అది మా మనీషా గది. మనీషా పోయి రెండేళ్ళు కావస్తోంది.

పదేళ్ళప్పుడు ఆమెకు రక్త క్యాన్సర్ అని తెలిసింది. అంతకుముందు ఆమె గురించి చెప్పడానికి పెద్ద విశేషాలేం లేవు. బడికి బయలుదేరే వేళకు ఎప్పుడూ ఒక చెప్పు కనబడేది కాదు. పప్పులో ఎల్లిపాయలు ఏరి నా కంచంలో వేసేది. శంషాబాద్‌లో పుట్టిన పిల్ల కాబట్టి నెత్తి మీదుగా విమానం పోయినా నిద్ర లేచేది కాదు. పక్కింటి మిక్సీకి మాత్రం లేచేది. “బాపు, చట్నీ తినుడు బంద్ చెయ్యమని జర ఆ అక్కకు చెప్పరాదు” అని దుప్పటి ముసుగేసుకునేది.

మొదటి విడత మందులు ఎక్కించి దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక, మా అమ్మ శివమ్మ కట్టమైసమ్మకు మొక్కుకుంది. పిల్లకు నయమైతే మేకపోతును ఇస్తానంది. మా దిక్కున మొక్కిన జీవాన్ని ముందే తెచ్చి, బొట్టు పెట్టి, మెడకు గంట కట్టి అమ్మవారి పేర విడిచిపెడతారు. మొక్కు తీరేదాకా దాన్ని అమ్మరు, కొట్టరు. ఎవరి పెరట్లో పడి మేసినా పోనీలే అంటారు. అట్లా మా ఇంటికి ఒక నల్ల మేకపిల్ల వచ్చింది. ఒక చెవి తెల్లగా ఉండేది.

ఈ మందులు వాడినన్నాళ్ళు జంతువులను ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని మనీషా దాన్ని కిటికీలోంచే పెంచింది. బిస్కెట్ పుడ చింపి, ఒక్కొక్కటే చువ్వల సందులోంచి విసిరేది. పైలెట్ అని పేరు కూడా పెట్టింది. “మీదకెల్లి గంత పెద్ద విమానం పోతుంటే తలకాయ లేపడు, వీడేం పైలెట్!” అని తిట్టేది. దానికి గడ్డం మొలిచిన రోజు అద్దంలో తన గుండు చూసుకుని, “చూసినవా అమ్మా, వాడికి ముందుగాల వచ్చింది” అంది.

నేను గగన్‌పహాడ్‌లో అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. ఎండకు నీడగా ఉంటుందని పనికిరాని పెట్టెలు తెచ్చి కిటికీ కింద దానికొక గూడు కట్టాను. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి సగం గూడు లేదు.

“ఇల్లు కట్టిస్తే తిని కూసున్నడు బాపు. నీ అట్టలల్ల ఉప్పు తక్కువైందంట,” అంది మనీషా కిటికీలోంచి.

మొక్కు సంగతి ఆమెకు మేమెవరం చెప్పలేదు. ఊళ్ళో పెరిగిన పిల్ల. గంట కట్టిన పోతు చివరికి ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఎప్పుడూ అడగలేదు.

ఆ మరుసటి ఎండాకాలం, ఇక తమ చేతుల్లో ఏమీ లేదని, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పారు. ఏం అడిగితే అది ఇవ్వండి అన్నారు. ఇంటికి వచ్చిన మర్నాడు భాగ్యలక్ష్మి పైలెట్‌ను లోపలికి పట్టుకొచ్చి మంచం పక్కన నిలబెట్టింది. మనీషా చెయ్యి చాపకుండా తల్లి ముఖంలోకి చూసింది.

“ముట్టుకోవచ్చా?”

“ముట్టుకో బిడ్డా.”

“డాక్టర్ సార్ ఏమనడా?”

“ఏమనడు.”

దాని వీపు మీద మెల్లగా చెయ్యి వేసింది. “మెత్తగ ఉంటడనుకున్న. చీపురు లెక్క ఉన్నడు” అని నవ్వింది. ఉన్నట్టుండి చెయ్యి తీసేసింది.

“అంటే నాకు నయమైందా? ఇగ వీడిని కోస్తరా?”

నేను గుమ్మంలోనే ఉన్నాను. భాగ్యలక్ష్మి రెండో మాటకే జవాబు చెప్పింది.

“కొయ్యం. వాడు నీవాడు.”

“నాయనమ్మ ఊకుంటదా?”

“నాయనమ్మకు నేను చెప్త.”

శ్రావణం రాకముందే మనీషా పోయింది. భాగ్యలక్ష్మి ఆ మాట మా అమ్మకు చెప్పలేకపోయింది. ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నా అది తిరిగి తిరిగి పిల్ల దగ్గరికే చేరేది. అందుకని ఉప్పు అయిపోయింది, నీళ్ళొచ్చినయి, ఇంతవరకే మాట్లాడుకునేవారు. చావు జరిగిన ఇంట్లో ఏడాది లోపల పండుగ చెయ్యరు కాబట్టి మొదటి బోనాలకు పోతు ఊసు రాలేదు.

ఈసారి వచ్చింది. బోనాల నాడు పొద్దున్నే మా అన్న కొండల్ తాడు పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

“తమ్మీ, పోతుకు తానం చేపియ్యి. జల్ది పోవాలె.”

“ఉండనీ అన్నా దాన్ని,” అన్నాను.

“ఏంది ఉండనిచ్చేది? మైసమ్మ జీవమది. గిట్ల ఇంట్ల పెట్టుకుంటే ఇల్లు ఆగమైతది.”

భాగ్యలక్ష్మి వంటింట్లోంచి బయటికి వచ్చింది. “ఇంకేం ఆగం గావాలె బావా?”

అరుగు మీద కూర్చుని బోనం కుండకు పసుపు రాస్తున్న మా అమ్మ తలెత్తకుండానే అంది, “మైసమ్మ పిల్లను ఇయ్యకపాయె. అయినా మనం మాటిచ్చినం గద భాగ్యా. తప్పుతమా?”

“నేను గూడ మాటిచ్చిన అత్తా. మనీషాకు.”

అమ్మ చెయ్యి ఆగింది. భాగ్యలక్ష్మి అక్కడే కింద కూర్చుని అంతా చెప్పింది. బిస్కెట్ల సంగతి, చీపురు సంగతి, నయమైందా అని అడిగిన సంగతి.

“నాయనమ్మ ఊకుంటదా అన్నదా?” అమ్మ అడిగింది.

“అన్నది. నీకు చెప్త అన్న. ఇన్ని దినాలు నోరు రాలె.”

అమ్మ పసుపు చేతులతో లేచి పైలెట్ దగ్గరికి పోయి, మెడలో గంట కట్టిన తాడు ముడి విప్పబోయింది. వానలకు తడిసి తడిసి అది రాయిలా బిగిసింది. కొడవలి తెమ్మని అన్నతో అంది. ఆ మాట వినగానే భాగ్యలక్ష్మి ఒక్క ఉదుటున లేచి మేకకు అడ్డంగా నిలబడింది.

“పక్కకు జరుగు పిల్లా. దాని మెడ కాదు, తాడు.”

కోసిన తాడును, గంటను అమ్మ కొంగులో మూట కట్టుకుంది. “కొండలూ, ఒక కోడిని పట్టు. ఇయ్యాల్టికి గంతే.”

“ఒప్పుకుంటదా అమ్మా, మైసమ్మ?”

“ఒప్పుకోకుంటె నన్ను అడుగుతది. అడగనీ. నేను గూడ ఆమెను అడిగేటియి ఉన్నయి,” అని కుండ నెత్తిన పెట్టుకుంది.

మర్నాడు ముసురు పట్టింది. గంట చప్పుడు లేక పైలెట్ ఎక్కడుందో తెలియలేదు. వెతుకుతూ ఇంటి వెనక్కి పోతుంటే, చాలా కాలం తర్వాత, కవరు చిరిగిన చప్పుడు వినబడింది. పైలెట్ అప్పటికే కిటికీ కింద నిలబడి ఉంది. చువ్వల అవతల భాగ్యలక్ష్మి చేతిలో బిస్కెట్ పుడ.

నన్ను చూసి, “వాన పడుతున్నది. ఫ్యాక్టరీల నుంచి అట్టపెట్టెలు జర తెస్తవా?” అంది.

“తింటడు గద.”

“తిననీ.”