కమానీలో నేను వేసిన పట్టీ

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే ఈ మాట గొంతు దాటదు. అన్నం ముందు కూర్చున్నా, పదిమందిలో నవ్వుతున్నా, ఇన్నేళ్లూ లోపల ఒక బరువు అలాగే ఉంది. మొదట్లో అది భయం అనుకున్నాను. కాదు, సిగ్గు.

ఎనభైల మొదట్లో టాటానగర్‌లోని బర్మామైన్స్‌లో నాకు చిన్న మోటారు గ్యారేజీ ఉండేది. మా అక్క మొగుడు పైడిరాజు ఆదిత్యపూర్‌లో ఒక సేఠ్ దగ్గర అంబాసిడర్ తోలేవాడు. మాది శ్రీకాకుళం వైపు. నన్ను ఈ ఊరు తెచ్చిందీ, ఒక షెడ్డులో పనికి పెట్టిందీ ఆయనే. తాగుడు ఎరగడు, బండి మీద చిన్న గీత పడినా ఆయనకి అన్నం సహించేది కాదు. డ్రైవర్ పైడిరాజు అంటే మా సందుల్లో అందరికీ గౌరవం.

ఆ కారు మలుపుల్లో బాగా ఊగేది. రాంచీ దారిలో కొండమలుపుల ఘాటీ ఎక్కేసరికి సేఠ్ తల్లికి వాంతులు. ఊగుడు తగ్గించమని బావ నా దగ్గరికి తెచ్చాడు. కుదుపులు ఆపే షాకర్లు అరిగిపోయాయి, అవి మార్చి మంచివి వెయ్యమన్నాడు. నాకూ అదే సరైనదని తెలుసు. కానీ డ్రైవర్ వచ్చి మేస్త్రీకి పని చెప్పడమేమిటని పొగరు. వెనక చక్రాల మీద బరువు మోసే ఉక్కుపట్టీల కట్ట ఉంటుంది, కమానీ అంటాం. దాంట్లో ఇంకో మందపాటి పట్టీ దూర్చి బిగిస్తే బండి బిర్రుగా నిలబడుతుందని, నా పనితనం చూసి బావ నోరు మూస్తాడని అనుకున్నాను. బిగించాను. షాకర్లు ముట్టుకోలేదు.

చూద్దామని నేనే ఖర్కాయి వంతెన దాటి ఆదిత్యపూర్ దాకా తోలాను. ఊగుడు తగ్గింది. తిరిగొస్తుంటే జల్లు పడింది. ఒక మలుపులో చిన్న గుంట తగలగానే వెనక భాగం ఎగిరి పక్కకి జారింది. స్టీరింగ్ తిప్పి ఎలాగో నిలబెట్టాను. వెనక మరీ బిగిసిపోయింది, తడి రోడ్డు మీద ఇది ప్రమాదం. ఆ క్షణంలోనే నాకు తెలిసింది. ఇప్పుడు తెలియలేదని ఎలా బొంకను?

మర్నాడు విశ్వకర్మ పూజ. నేనొచ్చేసరికి మావాళ్లు స్పానర్లు, జాకీ అన్నీ కడిగి, బొట్లు పెట్టి, దేవుడి ముందు గుడ్డ మీద సర్దేశారు. ఒకసారి అక్కడ పెట్టాక పూజ పూర్తయ్యేదాకా పనిముట్టు ఎవరూ ఎత్తరు, ఈ ఊళ్లో ఏ షెడ్డులోనైనా అంతే. ఎత్తాలంటే, నా పని చెడిందని అందరి ముందూ చెప్పాలి. బావ నవ్వుతూ ఎదురొచ్చి ఎలా ఉందని అడిగాడు. "జబర్దస్త్‌గా ఉంది బావా, బేఫికర్‌గా ఎల్లు" అన్నాను. పనిముట్లు దేవుడి ముందున్నాయి, నిజమే. నా నోరు దేవుడి ముందు పెట్టలేదు కదా! 'నెమ్మదిగా తోలు బావా' అని ఒక్క మాట ఎందుకు అనలేకపోయాను?

పూజ రోజు కారుకి దండ వేసి, సేఠ్ తల్లిని ఎక్కించుకుని రాంచీ బయల్దేరాడు. ఘాటీలో వాన. మలుపులో కారు అడ్డం తిరిగి బండరాయిని కొట్టుకుంది. ముసలావిడకి తుంటి విరిగింది. ఆమె మళ్లీ నడవలేదు. బావకి పక్కటెముకలు విరిగాయి.

కారుని నా గ్యారేజీకే లాక్కొచ్చారు. అప్పటికి పూజ అయిపోయింది, స్పానర్లు చేతికి అందాయి. సేఠ్ మనుషులు వచ్చేలోపు ఆ పట్టీ ఊడదీసి, కమానీని ఎప్పటిలా బిగించేశాను. ఛీ, ఆ రోజు నా చేతులు ఎంత చురుగ్గా కదిలాయో! ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాను.

"ఒరే బామ్మర్దీ, నాను జోరుగా కూడా తోల్నేదురా. ఉన్నపళంగా బండి అడ్డం తిరిగిపోనాది. ఏటైందంటావ్?"

"తెల్లారకముందే నేచి పూజకి బండి కడిగినావ్ కద బావా. కునుకు పట్టీసుంటాది."

నా మొహంలోకి చూశాడు. అనుమానంతో కాదు. నా మాట మీద నమ్మకంతో.

"అయ్యుంటాదేటి? నాకు తెలీనేదు గానీ... అయ్యుంటాదిరా."

లేచి తిరగగలిగిన రోజున సేఠ్ ఇంటికి వెళ్లి, నిద్రపోయానని ఆ ముసలావిడ కాళ్లు పట్టుకున్నాడు. చెయ్యని తప్పు ఆయన ఒప్పుకుని వచ్చాడు. చేసిన నేను వాకిట్లో ఆయన చెప్పులు చూస్తూ నిలబడ్డాను.

ఆయన చేతికి మళ్లీ ఎవరూ బండి ఇవ్వలేదు. ఇస్తే మాత్రం తోలేవాడా? టాటానగర్ గూడ్సు షెడ్డులో మూటలు మోశాడు. మనవరాలిని ఒళ్లో పెడితే, "తీసీయండే, కునుకొత్తే జారిపోద్ది" అని తిరిగి ఇచ్చేసేవాడు. పట్టపగలు. నా ఎదురుగానే. నేను టీ తాగుతూ చూశాను.

ఊడదీసిన పట్టీని ఇంట్లో ఉంచలేక, కమ్మరితో కత్తిపీట చేయించి అక్కకిచ్చాను. మంచి ఉక్కు కదా, పదును పోలేదు. తమ్ముడిచ్చిందని అక్క దాన్ని అపురూపంగా చూసుకుంటుంది. బావకి దాని మీదే కూరలు తరిగి వండి పెట్టింది.

మొన్న వానాకాలంలో బావ పోయాడు. దినాల్లో అదే కత్తిపీట ముందు కూర్చుని అక్క అంది: "ఎంత మంచోడు! ఆ పూట కునుకు పట్టకుండా ఉంటే ఎంత బాగున్ను తమ్ముడా." తల ఊపాను. తల ఊపాను నేను!

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి లేడు, ఉన్న మనిషికి చెప్పే ధైర్యం నాకు లేదు. ఒక్క మాట మాత్రం ఎక్కడో ఒకచోట పైకి అనాలి. ఆ మలుపులో మా బావ నిద్రపోలేదు. కళ్లు తెరిచే ఉన్నాడు.