సుగుణమ్మగారు సంతకం పెట్టని నివేదిక

భద్రాచలం దాటి బస్సు అడవి దారి పట్టగానే కిటికీలోంచి ఇప్పపువ్వు వాసన వచ్చింది. పక్క పల్లెలో ఎవరో ఎండబోసినట్టున్నారు. ఆ బరువైన తీపి వాసన తగిలితే నాకు సుగుణమ్మగారు గుర్తుకొస్తారు. పాస్టర్లను తయారుచేసే మా లూథరన్ సెమినరీలో గ్రామసేవా శిక్షణ ఆవిడే చూసేవారు. ఏన్కూరు వైపు మనిషి. చాలాకాలం నర్సుగా పనిచేసి, నడివయసులో క్రైస్తవ వేదాంతం చదివి మాకు పాఠాలు చెప్పడానికి వచ్చారు.

వేంసూరు నుంచి సెమినరీకి వెళ్లేనాటికి నాకు వచ్చిన విద్య ఒక్కటే, గొంతెత్తి మాట్లాడటం. పొద్దున్నే ప్రార్థనాలయం ఊడ్వడం, గ్రీకు మాటలు వల్లెవేయడం, వంటశాలలో వంతులవారీగా కూరలు తరగడం, అన్నీ ప్రసంగపు గంట కోసమే భరించేవాణ్ణి. నా మొదటి ప్రసంగాన్ని తోటివాళ్లు మెచ్చుకున్నారు. సుగుణమ్మగారు మాత్రం, "గొంతు మంచిగున్నది. చెవులెట్లున్నయో చూడాలె" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు.

మూడో ఏట ఒక అవకాశం వచ్చింది. ఆస్పత్రిలో రోగుల పక్కన కూర్చుని వాళ్లకు తోడుగా ఉండటం నేర్పే ఏడాది శిక్షణకు మాలో ఒక్కరిని పంపుతారు. వేసవి గ్రామసేవ నివేదికలు చూసి ఎంపిక చేస్తారు. ఆ సీటు నాదేననుకున్నాను.

ఆ వేసవిలో పినపాక అవతలి ఒక అడవి పల్లెకు ఆవిడతో వెళ్లాను. ఊరంతా ఇప్పపువ్వు ఎండబోసి ఉంది. అక్కడివాళ్లు తమ దేవతల్ని తాము కొలుచుకునేవాళ్లు. ఒక ఇంటి ముందు మూడేళ్ల పాప జ్వరంతో కాలిపోతోంది. నేను ఎవరినీ అడక్కుండా చేతులెత్తి పెద్దగా ప్రార్థన మొదలుపెట్టాను. పాప తల్లి బెదిరి వెనక్కి జరిగింది. సుగుణమ్మగారు నా భుజం తట్టి, "ప్రార్థన నడుసుకుంట చేసుకోవచ్చు. ముందుగాల నీళ్లు తే" అన్నారు.

తడిగుడ్డతో పాప ఒళ్లు తుడుస్తూనే ఆవిడ పాప తాతతో మాట కలిపారు. ఆయన పాపను ఆస్పత్రికి పంపనంటున్నాడు. "దవాఖానకు పోయినోళ్లు మల్ల రారు" అన్నాడు.

"ఎవరు పోయిండ్రు పెద్దయ్యా?"

ఆయన తన భార్య సంగతి చెప్పాడు. ఆమెను ఒంటరిగా లోపలికి తీసుకుపోయారట, తాను గేటు బయటే ఉండిపోయాడట. ఆవిడ మధ్యలో అడ్డుపడలేదు. అంతా విన్నాక, "నువ్వు గేటు బయట ఉండవు. పిల్ల పక్కనే ఉంటవు. నేను గూడ ఉంట" అన్నారు. తాత లేచి, "అవ్, పోదాం" అన్నాడు.

మేం వచ్చిన జీపు ఆగిన రోడ్డు దాకా పాపను నేనే ఎత్తుకుని నడిచాను. ఆస్పత్రిలో మలేరియా అన్నారు. నాలుగు రోజులకు పాప లేచి కూర్చుంది. ఆ నాలుగు రోజులూ తాత మంచం పక్కనే ఉన్నాడు, సుగుణమ్మగారూ ఉన్నారు.

సెమినరీకి తిరిగొచ్చి, నా ప్రార్థనతో పాప స్వస్థత పొందిందని నివేదిక రాశాను. ఆవిడ చదివి కలం కింద పెట్టారు.

"దీంట్ల తాత ఏడి?"

"దేవుని మహిమ కోసం అలా రాశానండీ."

"దేవునికి అబద్ధం అక్కెర లేదయ్యా. అక్కెర నీకే పడ్డది."

ఆవిడ సంతకం లేకపోతే నివేదిక చెల్లదు. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడోనాడు మళ్లీ రాశాను. అడక్కుండా ప్రార్థన మొదలుపెట్టానని, తల్లి నన్ను చూసి భయపడిందని, తాత మాట విన్నది నేను కాదని రాశాను. ఆవిడ సంతకం పెట్టారు. సీటు ఇంకొకరికి వెళ్లింది.

"బాధైతుందా?" అని అడిగారు.

"అవునండీ."

"అయితది" అన్నారు. అంతకుమించి ఓదార్చలేదు.

మరుసటి ఏడు నాకు ఆ శిక్షణ దొరికింది. సుగుణమ్మగారు నన్ను సిఫారసు చేస్తూ ఉత్తరం రాశారనీ, దానికి ఆ రెండో నివేదికనే జతచేశారనీ అక్కడి శిక్షకుడు చెబితే తెలిసింది. ఆవిడ నాతో ఆ మాట ఎన్నడూ అనలేదు. నేను తిరిగి వచ్చేలోపే కన్నుమూశారు.

ఇప్పుడు ఖమ్మంలో ఒక ఆస్పత్రిలో పాస్టరుగా ఉన్నాను. ఏ మంచం దగ్గరికి వెళ్లినా ముందు, "కూర్చోవచ్చా?" అని అడుగుతాను. కొందరు కూర్చోమంటారు. కొందరు మొహం అటు తిప్పుకుంటారు. సాయంత్రం రిజిస్టరులో అదీ రాస్తాను: "వద్దన్నారు. వచ్చేశాను."