గొంగడి తీసేసిన పొద్దున

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషుల కంటే గొర్రెలే ఎక్కువ. ఉన్నినిచ్చే నల్ల గొర్రెలు అవి. మా కురుమల ఇళ్లలో పెళ్లి కంకణం కూడా ఆ ఉన్నితో పేనిందే. మగవాళ్లు ఉన్ని కత్తిరిస్తే ఆడవాళ్లం వడికేవాళ్లం. నాకు వడకడం నేర్పింది మా బాపమ్మ, అంటే మా నాన్నను కన్న తల్లి. బుజ్జగించి నేర్పే మనిషి కాదు. దారం తెగితే నెత్తిన మొట్టికాయ పడేది, తెగకపోతే ఒక మెచ్చుకోలు మాట కూడా ఉండేది కాదు.

వానలు సరిగా పడని ఒక ఏడాది మా నాన్న మందనంతా అమ్మేశాడు. నల్ల గొర్రెకు మాంసం తక్కువ, దాని ఉన్ని కొనేవాడు లేడు, మేపుదామంటే బీళ్లు లేవు. ఆయన్ని తప్పు పట్టడానికేమీ లేదు. వచ్చిన బేరగాడు అన్నింటినీ తోలుకుపోయాడు గానీ, ఒక కుంటి గొర్రెను మాత్రం వద్దన్నాడు. అది దొడ్డిలో ఒక్కటే మిగిలింది. మంద వెళ్లిన దారి వైపు మెడ చాచి ఒకటే అరుపు. గడ్డి వేస్తే ముట్టదు, నీళ్లు పెడితే తాగదు. పైగా కడుపుతో ఉంది. అది చచ్చిపోతే మా ఇంట్లో ఇక నల్ల గొర్రె అన్నదే ఉండదు.

మా తాతయ్య అప్పటికే పోయాడు. మందలో పడుకునేటప్పుడు ఆయన కప్పుకున్న గొంగడి ఒకటి దండెం మీద ఉండేది. బాపమ్మ దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. అటువంటిది, ఆ సాయంత్రం తనే దాన్ని తెచ్చి దొడ్డిలో తడిక మీద, గొర్రె ఆనుకునేలా వేసింది. ఏళ్ల తరబడి గొర్రెల మధ్య దొర్లిన గొంగడి అది, మంద వాసనంతా అందులోనే ఉంది. గొర్రె ముందు మూతి పెట్టి వాసన చూసింది. తర్వాత ఒళ్లు ఆనించి నిలబడింది, కాసేపటికి పడుకుంది. చీకటి పడేలోపు గడ్డి నమలడం మొదలుపెట్టింది. నా సంతోషం ఇంతా అంతా కాదు. మా బాపమ్మ అంత తెలివైన మనిషి ఊళ్లోనే లేదనుకున్నాను.

తెల్లారి లేచి చూస్తే ఆవిడ గొంగడిని తీసేసి మడత పెడుతోంది. గొర్రె మళ్లీ గోల మొదలుపెట్టింది. మా నాన్న నిద్ర కళ్లతో బయటకొచ్చి విసుక్కున్నాడు.

"మంచిగ మేసింది గదనే అవ్వా, మల్ల ఎందుకు తీసినవ్?"

"అరవనీ కొడుకా. అది ఊకుంటే నువ్వు మరుస్తవ్" అంది ఆవిడ, మడత మీంచి తలెత్తకుండానే.

ఆ అరుపు వింటూ మా నాన్న చాయ్ తాగలేకపోయాడు. చెప్పులేసుకుని మా మేనత్త ఊరికి వెళ్లాడు. పొద్దు వాలేసరికి ఒక నల్ల గొర్రెకు తాడు కట్టి నడిపించుకొచ్చాడు. దొడ్డిలో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. ఆ రెండింటి సంతానమే మా ఇంట్లో నల్ల జాతిని ఇంకొన్నాళ్లు నిలబెట్టింది. ఇప్పుడైతే మా ఊళ్లో చూద్దామన్నా నల్ల గొర్రె కనబడదట.

గొంగడి తీసేసినందుకు నేను ఆ రోజంతా బాపమ్మ మీద అలిగి మాట్లాడలేదు. సాయంత్రం తనే నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "గొంగడి మంద గాదు బిడ్డా. పానం నిలవడాలెనని ఒక్క పూట మోసం జేసిన. రోజూ జేస్తే అది గొంగడితోనే బతుకుడు నేర్సుకుంటది" అంది. నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి నేను దుబాయ్ రావలసి వచ్చింది.

మా ఊళ్లో ఈ ఎడారి దేశాన్నంతా దుబాయ్ అనే అంటారు. ఖోర్ ఫక్కాన్ అనే ఊరికి వెళ్లే కొండదారిలో, ఒక అరబ్బు కుటుంబానికి ఉన్న చిన్న మజ్రాలో పనిచేస్తున్నాను. మజ్రా అంటే తోట. ఖర్జూరం చెట్లు, పొడుగు చెవుల షామీ మేకలు, పిల్లల ముచ్చట కోసం తెచ్చిన రెండు అల్పాకాలు ఉండేవి. ఒంటే, గొర్రే గొడవపడి చివరికి రాజీకి వచ్చినట్టుంటుంది అల్పాకా. మెడ ఒంటెది, ఉన్ని గొర్రెది, కోపం వస్తే మొహాన ఉమ్మే గుణం మాత్రం దాని సొంతం. ఒకటి తెల్లది. ఇంకొకటి కాఫీ రంగుది, దానికి పిల్లలు ఖహ్వా, అంటే అరబ్బీలో కాఫీ, అని పేరు పెట్టారు. ఎండలు ముదరకముందే మనిషిని పిలిచి వాటి ఉన్ని తీయించేవాళ్లు. ఉన్నిని పారేయడానికి నాకు చేతులు రాక గోనెల్లో దాచేదాన్ని.

కరోనా వచ్చిన ఏడాది, ఎన్ని ఫ్యాన్లు పెట్టినా వడ తట్టుకోలేక తెల్లది చచ్చిపోయింది. ఖహ్వా మేత మానేశాడు. అల్పాకా అరవదు, గొంతులోనే సన్నగా మూలుగుతుంది. ఆ మూలుగు వింటుంటే నాకు మా కుంటి గొర్రె గుర్తొచ్చింది. తెల్లదాని ఉన్నిని పాత దుప్పట్లో మూటగట్టి కంచెకు వేలాడదీశాను. ఖహ్వా దాన్ని ఆనుకుని నిలబడ్డాడు, తెల్లారేసరికి గడ్డి తిన్నాడు.

ఇంటి యజమానురాలిని మా పనివాళ్లం మామా అంటాం, అమ్మ అని. వాళ్లంతా పట్నంలో ఉండిపోయారు, నేను ఫోన్లో వీడియో పంపాను. ఇది ఒక్క పూట మోసం మామా, దీనికి తోడు తేవాలి అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. "ఖలాస్, వో ఖా రహా హై నా" అంది మామా. తింటున్నాడు కదా, ఇంకేం కావాలి అని. విమానాలు లేవు, జంతువును ఎక్కడి నుంచి తెస్తారు, అదీ నిజమే. విమానాలు మొదలయ్యాక ఒక పొద్దున మూట విప్పేశాను. ఖహ్వా రోజంతా మూలిగాడు. వీడియోలో అది విని పిల్లలు ఏడ్చారు, వెంటనే మూట కట్టెయ్యమని మామా చెప్పింది. మా బాపమ్మకు దొడ్డి తనది, గొర్రె తనది. ఇక్కడ నేను పనిమనిషిని. కట్టేశాను.

తోడు వచ్చింది, గానీ ఆ మరుసటి చలికాలానికి. ఇంకో మజ్రా నుంచి తెచ్చిన పడుచుది. ఖహ్వా దాని మొహాన ఉమ్మి, వెళ్లి మూటను ఆనుకున్నాడు. మూట తీసేస్తే అదే చోట ఉత్త కంచెకు ఒళ్లు ఆనించి నిలబడ్డాడు. కొత్తది దూరంగా ఆ మూల నిలబడి మూలుగుతోంది. మామా నా పక్కకొచ్చి చూసి, "దేర్ హో గయా" అంది. ఆలస్యమైపోయింది అని. మంచి మనిషే, ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

నాకూ ఏడుపొచ్చింది, కానీ ఖహ్వా కోసం కాదు. నేను మొదటిసారి దుబాయ్ బయలుదేరినప్పుడు నా బిడ్డ చిన్నది, నన్ను పట్టుకోకపోతే నిద్రపోయేది కాదు. రోజుల తరబడి ఏడుస్తుంటే చూడలేక మా అత్త నా పాత చీర ఒకటి దాని చేతికిచ్చిందట. "పిల్ల మంచిగ పండుకుంటున్నది, నువ్వు రంది పెట్టుకోకు" అని ఫోన్లో చెప్పింది. నా గుండె బరువు దిగింది. ఇంకో కాంట్రాక్టుకు సరేనన్నాను. సెలవు దొరికి, పెట్టె నిండా దుబాయ్ దుప్పట్లతో ఇంటికి వెళ్లిన రోజు మధ్యాహ్నం, బిడ్డ పక్కన పడుకుని చెయ్యి వేశాను. అది మెల్లగా నా చెయ్యి తీసేసి లేచింది. చీలికలైన ఆ చీరను తీసుకుని, గోడవారకు పోయి, దాన్ని మొహానికి కప్పుకుని నిద్రపోయింది. మా అత్త చేసింది దయే. తెల్లారి దాన్ని తీసి మడత పెట్టేవాళ్లు లేకపోయారు, అంతే. ఆ బాధ నాకు ఈనాటికీ పోలేదు.

ఇప్పుడు ఆ బిడ్డకే ఒక బిడ్డ. వీడియోలో నన్ను చూసి, ఎప్పుడొస్తావని మనవరాలు ఏడుపు మొదలుపెట్టగానే నా బిడ్డ గబుక్కున ఫోన్ పక్కకు తిప్పుతుంది, నేను బాధపడతానని. మొన్న అలా తిప్పబోతే ఆపాను. "తిప్పకు బిడ్డా. ఏడ్వనీ, నాకు ఇనబడనీ" అన్నాను. ఆ ఏడుపు చెవిలో ఉండగానే వెళ్లి, ఈసారి నాకు పోయే టికెట్టే తియ్యమని, తిరిగొచ్చేది వద్దని మామాతో చెప్పాను.

పెట్టె సర్దుకున్నాను. అందులో దుప్పట్లు పెట్టలేదు.