రువైస్ దారిలో బావ వెనక

మొన్న శుక్రవారం మా యజమాని చిన్న కొడుకూ అతని స్నేహితులూ దోహా నుంచి వంద కిలోమీటర్ల పైనున్న అల్ రువైస్ రేవు దాకా సైకిళ్ళ మీద పోతుంటే, నేను మంచినీళ్ళూ అరటిపళ్ళూ పెట్టుకుని వాళ్ళ వెనకాలే కారు నడుపుతూ పోయాను. ఒంటికి అతుక్కుపోయిన రంగుల చొక్కాలు, కళ్ళకు అద్దాలు, రోడ్డు పక్కన వాళ్ళ కోసమే వేసిన నున్నటి దారి, ఏం భోగమో! ఒకప్పుడు మేమూ ఈ దారినే సైకిళ్ళ మీద వెళ్ళామంటే అతను నవ్వి, మీరూ సరదాకేనా అని అడిగాడు. అవునన్నాను. డ్రైవరు ఎక్కువ మాట్లాడితే బాగుండదు.

క్యాసెట్లో మాటలు రికార్డు చేసి ఇంటికి పంపిన కాలంలో గల్ఫ్‌కు వచ్చినవాళ్ళు మీలో ఉంటే, అప్పట్లో చావు కబురు ఎలా చేరేదో మీకు చెప్పనక్కర్లేదు. పోయినవాడి కొడుక్కి నేరుగా రాదు, దగ్గరి చుట్టానికో పక్క మంచం మీది మనిషికో వస్తుంది, వాడు పోయి ఎదురుగా నిలబడి చెప్పాలి, ఒంటరిగా ఉన్నవాడికి ఫోన్లో చెప్పకూడదు. మా మేనమామ పోయాడన్న కబురు కడప జిల్లాలోని మా ఊరి నుంచి నాకు అలాగే వచ్చింది. ఆయన ఒక్కగానొక్క కొడుకు, మా బావ, రువైస్ రేవులో చేపల పడవల దగ్గర పని చేస్తుండేవాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర, సెలవు అడిగినా ఇవ్వరు, వాడొచ్చేదాకా శవాన్ని ఉంచే వీలూ లేదు. ఇక మిగిలింది చెప్పడమొక్కటే, అది నా నెత్తిన పడింది.

నేనప్పుడు దోహాలో ఒక కంపెనీ కూలీల క్యాంపులో ఉండేవాణ్ణి. కంపెనీ బస్సు సెలవు రోజు శుక్రవారం కదలదు, అంత దూరం టాక్సీవాళ్ళు రామన్నారు, క్యాంపులో ఉన్నవి పాత సైకిళ్ళు. మా రూములో అందరికంటే పెద్దవాణ్ణి పెద్దన్న అనేవాళ్ళం, ఆయన తోడొస్తానన్నాడు. మా రూములోనే ఉండే నిజామాబాద్ భాయ్ అడక్కుండానే మూడు సైకిళ్ళ టైర్లకు గాలి కొట్టి తనూ బయల్దేరాడు. గురువారం మధ్యాహ్నం డ్యూటీ దిగి బయల్దేరితే ఎదురుగాలి, కంట్లో ఇసుక, పిక్కలు పట్టేసి సగం దారిలో ఉన్న అల్ ఖోర్‌లో ఒక మసీదు అరుగు మీద పడుకున్నాం. అలాంటి కబురు మోసుకుపోతూ కూడా దారిలో నవ్వుకున్నామండీ, నా సైకిలు కిర్రుమన్నప్పుడల్లా అది కూడా సెలవు అడుగుతోందని భాయ్ ఆటపట్టించేవాడు, వయసు అలాంటిది. ఎలా చెప్పాలన్నదాని మీద మాత్రం తలా ఒక మాట. చివరికి, మామకు సీరియస్‌గా ఉందని మొదట చెప్పి, టీ తాగాక మిగతాది చెబుదామన్నాడు పెద్దన్న. గల్ఫ్‌లో అందరూ అలాగే చెప్తారు, దాని అర్థమేమిటో వినేవాడికీ తెలుసు, అయినా అలాగే చెప్తారు.

బావ రేవులో కూర్చుని వల చిక్కు తీస్తున్నాడు. మమ్మల్ని చూసి నవ్వుతూ లేచాడు, దగ్గరికొచ్చాక ముగ్గురి ముఖాలూ చూసి ఆగిపోయాడు. నేను ఇంకా నోరు తెరవనే లేదు.

"తలకొరివి ఎవురు పెట్టినార్రా?"

"మీ చిన్నాయన, బావా. నిన్ననే అయిపోయింది."

బావ ఏడవలేదు. బట్టలతోనే సముద్రంలోకి దిగి మునిగి వచ్చాడు. వెనకాలే మేమూ దిగాం, ఏ సంబంధమూ లేని భాయ్ కూడా దిగాడు. నన్ను ఎత్తుకుని పెంచిన మామ కదా, ఏడుపొస్తుందేమోనని చూశాను, రాలేదు. ఆ చలికాలపు నీళ్ళు చల్లగా ఉన్నాయని కూడా తెలియలేదు.

మేం తిరుగు ప్రయాణమవుతుంటే బావ కొంత దూరం వస్తానని తన సైకిలు తీసి మాకంటే ముందు సాగాడు. మా ఊళ్ళో కొడుకు నిప్పుకుండ పట్టుకుని పాడె ముందు నడుస్తుంటే అతన్ని దాటి ఎవరూ పోరు. మేం ఒకరికొకరం చెప్పుకోలేదు గానీ, ముగ్గురం అతని వెనకే తొక్కాం. అతను ఎంత మెల్లగా తొక్కితే అంత మెల్లగా, సైకిలు పడిపోకుండా నిలపడమే కష్టమయ్యేంత మెల్లగా తొక్కాం. ఊరి చివర కరెంటు స్తంభాలు అయిపోయినచోట బావ దిగి, సైకిలు మళ్ళించుకుని, శ్మశానం నుంచి వచ్చేవాళ్ళు నడిచినట్టే వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. మేం దోహా పోయే చేపల పికప్ బండిలో సైకిళ్ళు వేసి ఎక్కాం.

కొన్నేళ్ళకు బావ గల్ఫ్ వదిలేసి ఊళ్ళో టీకొట్టు పెట్టుకున్నాడు. పెద్దన్న ఇప్పుడు లేడు, భాయ్ ఎక్కడున్నాడో తెలియదు. ప్రతివాడి జేబులో ఫోనుంది, మంచిదే, కబురు చెప్పడానికి ఎవరూ పిక్కలు పట్టేసేలా తొక్కక్కర్లేదు. కిందటి నెల యజమాని భార్యను, మేడమ్‌ను మాల్ దగ్గర దించి పార్కింగ్‌లో ఉన్నప్పుడు, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పూలదండ వేసిన బావ ఫోటో వచ్చింది. కింద వరసగా దండం బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. ఇంతలో మేడమ్ ఫోన్ చేసి యల్లా, పద అంటే బండి తీశాను.

సాయంత్రం రూముకు పోయాక తలుపు దగ్గరగా వేశాను గానీ గడియ పెట్టలేదు, చాలాసేపు అలాగే కూర్చున్నాను. కబురు చెప్పడానికి ఎవరూ రాలేదు. రావలసిన పనేముంది, నాకు ముందే తెలుసు కదా.