కడగని గొట్టం, పేరులేని రోగం

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి: యంత్రం అబద్ధం చెప్పదు, నేను తప్పు చేయను. రెండోదాన్ని మా ఇంట్లో ఎవరూ నమ్మేవారు కాదు గానీ, నెహ్రూ నగర్ ల్యాబులో చేరి అప్పటికి వారమే కాబట్టి అక్కడింకా సంగతి పొక్కలేదు. సికిల్ సెల్ అనే రక్తరోగం ఉందో లేదో చెప్పే పాత యంత్రం మీద సాధన చేయమన్నారు (రోగుల రక్తం నన్ను ముట్టనివ్వలేదు, వాళ్ళ అదృష్టం). దాని ప్రాణమంతా వెంట్రుకంత సన్నని గాజు గొట్టంలో ఉంటుంది. కరెంటు పెడితే లోపలి గోడకున్న గుణం వల్ల ద్రవం ముందుకు కదులుతుంది, దాంతోపాటు ఒక్కో రకం హిమోగ్లోబిన్ తన వేళకి వచ్చి తెర మీద గీతను పైకి లేపుతుంది; ఆ వేళని బట్టే అదే రకమో తెలుస్తుంది. గోడకి రక్తం అంటుకుంటే ఆ నడక మందగిస్తుంది. అందుకే రోజూ ముందుగా కాస్టిక్ సోడా నీళ్ళతో కడగాలి. ఆ రోజు వేడి సమోసాలు వచ్చాయి, కడగడం మరిచిపోయాను.

నా రక్తమే పెట్టి చూసుకున్నాను. గీత రావలసిన వేళకి రాలేదు. చాలాసేపటికి, పుస్తకంలో ఏ పేరూ లేని చోట లేచింది. పేరు కూడా లేని రోగం! ఇక నాకెన్నో రోజులు లేవనుకున్నాను. (కాస్త గర్వం కూడా వేసింది, దాచను.)

మా క్వార్టర్‌కి వచ్చి ఎవరికీ చెప్పకుండా మామ్మ పక్కన కూర్చున్నాను. తను కాపరానికొచ్చిన కథ ఆవిడ ఎప్పుడు మొదలెట్టినా నేను చెప్పులేసుకునేవాణ్ణి. ఆ సాయంత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని చివరిదాకా విన్నాను. “మీ తాత రైలింజన్ల షెడ్డు డ్యూటీ నుంచి తిన్నగా టేసనుకొచ్చీసాడ్రా. మొహమంతా మసే! గుర్తుపట్టలేక ఇంకెవరి ఎనకాలో నడిచీసాను,” అంది. నవ్వాను. ఇంత మంచి కథ ఇన్నాళ్ళూ వినలేదే అని ఏడుపొచ్చింది.

మర్నాడు ల్యాబులో నాకు పని నేర్పే సీనియరక్కకి చెప్పేశాను. ఆవిడ తన వేలు గుచ్చుకుని, ఆ రక్తం పెట్టింది. అదీ ఆలస్యంగానే వచ్చింది.

“అచ్ఛా, నాకూ నీ రోగమే. ఇద్దరం కలిసి పోదామేటి? గొట్టం కడిగావా?”

కడిగాం. ఇద్దరి గీతలూ వేళకి వచ్చాయి.

ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికొచ్చి, బ్యాటు తీసుకుని బయల్దేరాను. గుమ్మంలో మామ్మ అడిగింది: “ఏట్రా, ఇవాళ కూకోవేటి? రోగం తగ్గిపోనాదా?”

రోగం మాట నేనావిడకి చెప్పనే లేదు. సిగ్గేసి బ్యాటు గోడకానించాను. ఇప్పటికీ ల్యాబులో నా మొదటి పని గొట్టం కడగడం. సాయంత్రాలు మామ్మ దగ్గర కూర్చుంటాను, ఏ రోగమూ లేకుండానే.