చెయ్యి తీస్తే జారిపోయే మూడో గేరు

మేం కువైట్‌లో అబూ హలీఫాలో ఉంటాం. పోయినేడాది మావారితో కలిసి ఒక పాత మాన్యువల్ కారు చూడటానికి వెళ్లాను. అమ్మే రాయచోటి అతను నడిపి చూపించినంతసేపూ గేరు రాడ్ మీంచి చెయ్యి తీయలేదు. అనుమానం వచ్చి నేనే స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

మూడో గేరు వేసి చెయ్యి తీశానో లేదో, రాడ్ టక్కున న్యూట్రల్‌లోకి దూకింది. ఎంత తొక్కినా ఇంజన్ అరుస్తోందే తప్ప బండి లాగదు. వెనక ట్రక్కు హారన్ కొడుతూ మీదికొచ్చేసింది. ఎలాగో పక్కకు తిప్పి ఆపాను.

“ఆడోళ్లకు గేర్ల సంగతి ఏం తెలుస్తాదక్కా! చేత్తో అదిమి పట్టుకోవల్ల,” అన్నాడతను.

“అదిమి పట్టుకునేదానికి అదేమన్నా ఏడ్చే బిడ్డా? నీ పెండ్లాం బిడ్డల్ని ఎక్కించి నడుపుతావా దీన్ని?” అని అరిచాను.

అప్పుడు మావారు తాపీగా, “నువ్వే గేరు సరిగ్గా వేయలేదేమో,” అన్నారు.

ట్రక్కు భయం ఆ సాయంత్రానికే పోయింది. కారు నడపడం నా దగ్గరే నేర్చుకున్న మనిషి నోటి నుంచి వచ్చిన ఆ మాట మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.